అరికాలు ఎవరు చూస్తారు?

మా పెద్దమ్మ పెరటాసి నెలలో ఒక్క శనివారమైనా కొండకు నడిచి ఎక్కకుండా ఉండేది కాదు. పాకాల దగ్గర పల్లె నుంచి శుక్రవారం సాయంత్రమే బస్సెక్కి తిరుపతిలో మా ఇంటికి వచ్చేసేది. తెల్లవారకముందే లేచి తలకు పోసుకుని, అలిపిరిలో పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరిగి, చెప్పుల్లేకుండా 3,550 మెట్లూ ఎక్కేది. అరవై మూడేళ్ళ మనిషి. నేను ఆయాసపడుతూ గాలిగోపురం చేరేసరికి అక్కడ చెంగుతో విసురుకుంటూ కూర్చుని ఉండేది.

ఆ ఏడు మాత్రం నా వెనకాల ఉండిపోయింది.

"ఏం పెద్దమ్మా, కాలు ఈడుస్తా ఉండావే?"

"ఏం ల్యా పాపా. చెనక్కాయల చేలో ముల్లు దిగింది. కొన విరిగి లోపల్నే ఉండిపోయినట్టుండాది. అదే పోతుందిలే, నువ్వు నడు."

నేను నడిచాను. ఆ మాట రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. చర్మం అడ్డుకోత బొమ్మ ఏటా బోర్డు మీద రంగు సుద్దలతో వేసేదాన్ని. పైపొర, లోపొర, చెమట గ్రంథి, వెంట్రుక కుదురు, అన్నిటికీ బాణం గుర్తులు పెట్టేదాన్ని. నా పక్కన కుంటుతూ మెట్లెక్కుతున్న మనిషిని ఒక్క నిమిషం కూర్చోబెట్టి, కాలు పైకెత్తి, ముల్లు ఎక్కడ దిగిందో చూద్దామని మాత్రం తోచలేదు.

తర్వాత తెలిసింది, అది ముల్లు కాదని.

సంక్రాంతి నాటికి దాని పేరు మారింది. ముల్లు పోయి ఆనెకాయ అయింది. మడమ పక్కన చర్మం గట్టిపడి, నల్లగా, కొంచెం ఎత్తుగా లేచిందట. పొలం పనిచేసే ఆడవాళ్ళ కాళ్ళకు ఆనెకాయలు మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెద్దనాయన జీడిగింజ కాల్చి దాని చమురు పెట్టాడు. చర్మం కాలి, పొక్కి, మానింది. మానిన చోటే మళ్ళీ లేచింది. మెడికల్ షాపులో ఆనెకాయల ప్లాస్టరు ఇచ్చారు, అదీ నెలల తరబడి అతికించుకుంది. వేసవిలో మా అన్న దగ్గర్లోని ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మత్తు సూది వేసి, బ్లేడుతో పైపైన చెక్కి, కట్టు కట్టి పంపాడు. చెక్కిన ముక్క ఏమైందని నేను తర్వాత అన్నను అడిగాను. "చెత్తబుట్టలో వేసినారు" అన్నాడు. అందులో తప్పుందని అప్పటికి వాడికి తెలీదు. ఆ డాక్టరుకు తెలియాల్సింది.

మరుసటి పెరటాసికి ఆమె మెట్లెక్కలేదు. మడమ దగ్గర పుండై రసి కారుతోంది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తెలిసిన సంగతే ఇక్కడ మమ్మల్ని మోసం చేసింది. "పుండు మానితే బిళ్ళ అదే కరిగిపోతుంది" అనుకుంటూ ఇంకో నెల పోగొట్టాం. చివరికి తిరుపతిలో చర్మం డాక్టరమ్మ కాలు పైకెత్తి దీపం కింద చూసిన క్షణంలో ఆమె ముఖంలో వచ్చిన మార్పు నాకు గుర్తుంది. బయాప్సీ రిపోర్టులో "మెలనోమా" అని ఉంది. దాని కింద మందం, 5.2 మిల్లీమీటర్లు.

ఆ అంకె గురించి తర్వాత చెబుతాను. ముందు జబ్బు సంగతి.

చర్మం పైపొరకు అట్టడుగున మెలనోసైట్లనే కణాలు అక్కడక్కడా ఉంటాయి. పిండం తల్లి కడుపులో రూపు కడుతున్నప్పుడు ఇవి వెన్ను వైపున పుట్టి, అక్కణ్ణుంచి ఒళ్ళంతా వలస పోయి స్థిరపడతాయి. వీటి పని మెలనిన్ అనే రంగును తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచడం. పొరుగు కణాలు ఆ రంగును తమ కేంద్రకం మీద గొడుగులా పట్టుకుంటాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి డీఎన్ఏను చెడగొట్టకుండా. నేను పిల్లలకు ఎప్పుడూ నొక్కి చెప్పే విషయం ఒకటుంది. తెల్లవాళ్ళ చర్మంలోనూ మన చర్మంలోనూ ఈ కణాల సంఖ్య దాదాపు ఒకటే. అవి చేసే రంగు ఎంత, ఏ రకం అన్న దాంట్లోనే తేడా. ఈ కణాలే అదుపు తప్పి పెరగడం మొదలుపెడితే దాన్ని మెలనోమా అంటారు. గ్రీకులో "మెలాస్" అంటే నలుపు.

చర్మానికి వచ్చే క్యాన్సర్లలో ఇది తక్కువమందికి వచ్చేది, వస్తే మిగతావాటికంటే ఎక్కువ ప్రాణాంతకమైనది. మిగతావి చాలావరకు పుట్టినచోటే మెల్లగా పెరుగుతాయి. ఇది చిన్నగా ఉన్నప్పుడే లోపలికి దిగి, లింఫు నాళాల వెంట గజ్జలకో చంకలకో చేరి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకూ కాలేయానికీ మెదడుకూ పోగలదు.

రిపోర్టు వచ్చిన రోజు మా బంధువుల్లో చదువుకున్న ఒకాయన ఫోన్లో అన్నమాట: "అది తెల్లోళ్ళకొచ్చే జబ్బు కదమ్మా, మనకెట్లా వస్తుంది? ఇంకోచోట చూపించండి." ఆయన్ని తప్పుపట్టను. ఆ మాటలో సగం నిజముంది. 2020 లో ప్రపంచమంతటా కొత్తగా సుమారు 3,25,000 మందికి మెలనోమా వచ్చిందని, 57,000 మంది దాకా చనిపోయారని అంతర్జాతీయ అంచనా. అందులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐరోపా, అమెరికాలదే పెద్ద భాగం. మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా రాదు. నలుపు మనల్ని ఎండనుంచి కాపాడుతుందన్నది నిజం.

కానీ ఎండ పడని చోటి సంగతేమిటి?

అరికాలుకు ఎండ తగలదు. అక్కడి చర్మం ఎంత నల్లటి మనిషికైనా తేలిక రంగులోనే ఉంటుంది. అరచేతులూ అంతే. మెలనోమాల్లో సరిగ్గా ఆ చోట్లలోనే, గోళ్ళ కిందా వచ్చే రకం ఒకటుంది. ఏక్రల్ లెంటిజినస్ మెలనోమా అంటారు. ఏక్రల్ అంటే శరీరం కొసల్లోది అని. అమెరికా పాథాలజిస్టు, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బు చెప్పే వైద్యుడు, రిచర్డ్ రీడ్ 1976 లో దీన్ని వేరే రకంగా గుర్తించి పేరు పెట్టాడు. ఇది తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ ఇంచుమించు ఒకే తీరున వస్తుంది. తెల్లవాళ్ళకు ఎండ వల్ల వచ్చే రకాలు కుప్పలుగా ఉండడంతో ఇది వాటి మధ్య కనబడదు. మనకు ఆ రకాలు లేవు కాబట్టి మనకొచ్చే కొద్ది మెలనోమాల్లో పెద్ద వాటా ఈ అరికాలిదే. ఈ కణుతుల జన్యువులు చదివి చూసినవాళ్ళకు ఎండ దెబ్బ ఆనవాళ్ళు చాలా తక్కువగా కనిపించాయి.

జమైకా గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది ఇదే. 1977 లో కుడికాలి బొటనవేలి గోరు కింద బయటపడింది. మొదట అందరూ ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు. వేలు తీసేయాలంటే ఆయన ఒప్పుకోలేదు. 1981 మే 11న, 36 ఏళ్ళకే పోయాడు. ఆయనకు ఫుట్‌బాల్ దెబ్బ, మా పెద్దమ్మకు చెనక్కాయల చేలో ముల్లు. కాలి మీద ఏది వచ్చినా దానికి మనిషి దగ్గర ముందే ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. కాలు అంటేనే తగిలేది, గుచ్చుకునేది, ఒరుసుకునేది కదా.

అందుకే నాకు మన పత్రికల ఆరోగ్యం పేజీలతో పేచీ ఉంది. ఎండాకాలం రాగానే చర్మ క్యాన్సర్ మీద ఒక వ్యాసం వేస్తారు. టోపీ పెట్టుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి, మిట్టమధ్యాహ్నం బయటికి పోకండి అంటారు. పక్కన తెల్లటి వీపు మీద నల్లటి మచ్చ ఫోటో. ఎండలో ముఖం కమలకుండా సన్‌స్క్రీన్ రాసుకుంటే మంచిదే, కాదనను. కానీ చిత్తూరు జిల్లాలో మామిడితోటలో కాయలు కోసే మనిషికి మెలనోమా గురించి ఒకే ఒక్క మాట చెప్పే అవకాశముంటే ఆ మాట ఎండ గురించి ఖర్చుపెట్టడం అన్యాయం. ఆస్ట్రేలియావాళ్ళు 1981 నుంచి చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని ప్రచారం చేశారంటే అది వాళ్ళ చర్మానికి, వాళ్ళ ఎండకు సరైన మాట. మనం దాన్ని తెలుగులోకి దింపుకున్నాం. మన కాళ్ళు చూసి మన మాట మనం చెప్పుకోలేదు.

మనం అరికాలు ఎందుకు చూసుకోమో ఆలోచిస్తే నాకు చాలా విషయాలు తోచాయి. ఈ ఊళ్ళో పాదాలకున్నంత మర్యాద దేనికీ లేదు. అలిపిరిలో పాదాలు, కొండమీద నారాయణగిరిలో శ్రీవారి పాదాలు, ఇంటికొచ్చిన పెద్దల పాదాలు. కడుగుతాం, పసుపు రాస్తాం, మొక్కుతాం. అదంతా పాదం పైభాగానికి. అడుగుభాగం ఎదుటి మనిషికి చూపిస్తే అమర్యాద. పెద్దలముందు కాలు చాపకూడదని పెరిగాం. మా పెద్దమ్మ డాక్టరు గదిలో బల్లమీద పడుకుని కూడా పగిలిన మడమలు కనబడకుండా చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంటూనే ఉంది. "ఈ కాళ్ళేం చూస్తావులే తల్లీ, మట్టి కాళ్ళు" అంటోంది డాక్టరమ్మతో. ఏడాది పాటు ఆ మచ్చ ఎవరి కంటా పడకపోవడానికి ఆ బిడియం కూడా ఒక కారణం.

ఇంకొకటి. మన ఇళ్ళల్లో పెళ్ళికాని పిల్లకు మోచేతి మీద చిటికెన వేలి గోరంత తెల్లమచ్చ వస్తే ఏమవుతుంది? బొల్లేమోనని తెల్లారేసరికి చర్మం డాక్టరు దగ్గరుంటాం. అప్పుచేసి మద్రాసో వేలూరో తీసుకెళ్తాం. బొల్లి ప్రాణం తీసేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. అయినా ఇల్లంతా అన్నం మానేస్తుంది. అదే నల్లమచ్చ అయితే, అందులోనూ కాలికింద అయితే, పుట్టుమచ్చ అనుకుంటాం. అరికాల్లో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతావని మా అవ్వ చెప్పేది. పుట్టుమచ్చ ఎక్కడుంటే ఏ యోగమో చెప్పే పుస్తకాలు దేవస్థానం చుట్టుపక్కల బడ్డీకొట్లలో ఇప్పటికీ దొరుకుతాయి. చర్మం అంటే మనకు అందం, రంగు, పెళ్ళి. అది కూడా ఒక అవయవమని, గుండెలాగా కాలేయంలాగా దానికీ ప్రాణం తీసే జబ్బు రాగలదని మన మనసుకు ఎక్కలేదు.

అయితే భయపెట్టడానికి నేనిది రాయడం లేదు. మనలాంటి చామనఛాయ, నలుపు మనుషుల అరికాళ్ళలో గోధుమరంగు మచ్చలు చాలామందికి ఉంటాయి. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఏ హానీ లేనివే. గోళ్ళమీద నిలువు గీతలూ అంతే. రెండుమూడు వేళ్ళకు సన్నటి గోధుమ గీతలుంటే అది మన రంగు వల్ల వచ్చేది. గోరు నలిగి నెత్తురు గడ్డకడితే నల్లగా ఉంటుంది కానీ, గోరు పెరిగేకొద్దీ ఆ నలుపు కొసవైపు జరుగుతూ పోతుంది. కాలిగోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది కాబట్టి పూర్తిగా పోవడానికి ఏడాది పైనే పట్టొచ్చు, కానీ జరుగుతూ ఉండాలి. జరగని నలుపు వేరు. ఒక్క వేలికే వచ్చిన గీత, నెలనెలా వెడల్పవుతున్న గీత, మూడు మిల్లీమీటర్లు దాటిన గీత, గోరు దాటి మొదట్లో ఉన్న చర్మానికి కూడా పాకిన నలుపు, వీటికి ఆగకూడదు. గోరు దాటి పాకే ఆ నలుపును ఇంగ్లండు వైద్యుడు జొనాథన్ హచిన్సన్ 19వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

మచ్చ విషయంలో 1985 లో న్యూయార్కు వైద్యులు నాలుగు గుర్తులు చెప్పారు. మచ్చను మధ్యకు గీత గీసినట్టు చూస్తే రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు గుండ్రంగా కాక చిరుగులు చిరుగులుగా ఉండడం, ఒకే మచ్చలో రెండుమూడు రంగులుండడం, పెన్సిలు వెనక రబ్బరు కంటే, అంటే ఆరు మిల్లీమీటర్ల కంటే పెద్దదవడం. 2004 లో ఐదోది చేర్చారు, మారుతూ ఉండడం. మన కాళ్ళకు ఆ ఐదోదే అసలైనదని నా అభిప్రాయం. మచ్చ రంగు తెలియకపోవచ్చు, అంచు ఆనెకాయలో కలిసిపోవచ్చు. కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు. గులాబిరంగు కండ లేచినట్టో, మానని పుండులానో ఉంటాయి. వాటిని షుగరు పుండనుకుని నెలలు గడిపేస్తారు. కానీ మారడం మాత్రం దాగదు. మూడు నెలల కిందట లేనిది ఇప్పుడుందా, ఉన్నది పెద్దదైందా, తడి పెడుతోందా, ముట్టుకుంటే నెత్తురొస్తోందా. చదువు అక్కర్లేని ప్రశ్నలివి. ఎవరో ఒకరు చూస్తూ ఉంటే చాలు. నోటి లోపల, అంగిలి మీదా పైచిగుళ్ళ మీదా కూడా అరుదుగా వస్తుంది కాబట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు కొత్త నలుపు కనిపిస్తే అడగాలి.

చర్మం డాక్టర్ల దగ్గర డెర్మోస్కోపు అని చిన్న పరికరం ఉంటుంది, దీపమున్న భూతద్దం లాంటిది. అది అరికాలి మీద పెడితే ఏం చూస్తారో మా డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చెప్పింది. అరికాలి చర్మం దున్నిన చేను లాంటిది, చాళ్ళూ గట్లూ ఉంటాయి. రంగు చాళ్ళలో వరసగా ఉంటే మామూలు మచ్చ. గట్ల మీద ఉంటే మెలనోమా అనుమానం, కోసి పరీక్ష చేయాల్సిందే. ఈ తేడా జపాన్ వైద్యులు కనిపెట్టారు. వాళ్ళకూ మనలాగే అరికాలి మెలనోమాలే ఎక్కువ, వాళ్ళు తమ కాళ్ళు తాము చూసుకున్నారు. నేను ఈ చాళ్ళూ గట్ల సంగతి చెప్పగానే పెద్దనాయనకు వెంటనే అర్థమైంది. "అయితే ఈమెకు గట్టు మీదనే మొలిచింది" అన్నాడు. డెబ్బై ఏళ్ళు చేను దున్నిన మనిషి.

ఇప్పుడు ఆ 5.2 సంగతి. 1970 లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా పాథాలజిస్టు ఒక మామూలు పని చేశాడు. మెలనోమా ముక్కను నిలువుగా కోసి, చర్మం పైనుంచి అది ఎంత లోతు దిగిందో మైక్రోస్కోపు కింద కొలిచాడు. మచ్చ ఎంత వెడల్పుందన్నదాని కంటే ఎంత లోతుందన్నదే మనిషి బతుకును చెబుతుందని తేలింది. ఇప్పటికీ ప్రపంచమంతా మొదట చూసే అంకె అదే. ఒక మిల్లీమీటరు లోపు ఉండగా తీసేస్తే పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఐదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభై మందికి పైగా బతికే ఉంటున్నారు. చుట్టూ ఒక సెంటీమీటరు మంచి చర్మంతో సహా కోసి కుట్టేస్తే చాలామందికి అక్కడితో అయిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లు దాటితే కథ వేరు. ఒక మిల్లీమీటరంటే ఎంత? మా ఇంట్లో శుభలేఖలు రెండు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకున్నాను. పెద్దమ్మ కాలిలో అది ఆ మందం దాటింది ఏ నెలలోనో. జీడి పెట్టిన నెలలోనా? ప్లాస్టరు వేసిన నెలలోనా?

జీడిచమురుతో, ప్లాస్టర్లలోని ఆమ్లంతో, సున్నంతో వచ్చే అసలు నష్టం ఇక్కడే ఉంది. అవి క్యాన్సర్ తెప్పించవు. పైభాగాన్ని కాల్చేసి మచ్చ ఆనవాలును చెరిపేస్తాయి, లోపలిది లోపలే ఉంటుంది. నాటువైద్యం మీద నాకు కోపం లేదు. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోయి బాగుపడిన వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఇది అలాంటి చోటు కాదు. అలాగే బ్యూటీ పార్లర్లలోనూ కొన్ని క్లినిక్కుల్లోనూ పుట్టుమచ్చలు లేజరుతో కాల్చేస్తామని బోర్డులుంటాయి. కాల్చేస్తే పరీక్షకు ముక్క మిగలదు, మందం కొలవడానికి వీలుండదు. రంగున్న ఏ మచ్చనైనా, ఏ కండనైనా శరీరం నుంచి తీసినప్పుడు ఆ ముక్క ఫార్మలిన్ సీసాలో పడి పాథాలజీ ల్యాబుకు పోవాలి. ఎంత చిన్నదైనా, డాక్టరు ఎంత ధీమాగా "ఏం లేదమ్మా" అన్నా. "ఆ ముక్క ఎక్కడికి పంపుతున్నారు సార్?" అని అడగడం మన హక్కు. మా అన్న ఆ రోజు ఆ ప్రశ్న అడిగి ఉంటే మాకు నాలుగు నెలలు మిగిలేవి.

"కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని మా పల్లెలో చాలామంది నమ్ముతారు. వాళ్ళకు ఆ నమ్మకం ఊరికే రాలేదు. కోయించుకున్న వాళ్ళు ఏడాదిలో చనిపోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. కానీ వాళ్ళు ఎప్పుడు కోయించుకున్నారు? గజ్జల్లో బిళ్ళ కట్టాక, దగ్గు మొదలయ్యాక. అప్పటికే పాకినదాన్ని కత్తి మీదికి తోశాం. బయాప్సీ వల్ల మెలనోమా పాకదు. ఆ భయంతో ఆలస్యం చేస్తే అది పాకుతుంది.

పెద్దమ్మకు మడమ పక్కన చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా కోసి, తొడమీద నుంచి చర్మం తీసి అతికారు. గజ్జల్లో బిళ్ళలూ తీశారు. ఆరు నెలలు బాగానే ఉంది, చేతికర్రతో పెరట్లో తిరిగింది. తర్వాత స్కానింగులో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. ఈ దశకు ఒకప్పుడు చేసేందుకేమీ ఉండేది కాదు. 2011 నుంచి కొత్త మందులు వచ్చాయి. శరీరంలోని రక్షణ కణాలకు క్యాన్సర్ వేసే పగ్గాలను విప్పే మందులవి. వాటి వెనకున్న పరిశోధనకు 2018 లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ ఇచ్చారు. రెండు మందులు కలిపి ఇచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ముదిరిన మెలనోమా ఉన్నవాళ్ళలో నూటికి 43 మంది పదేళ్ళ తర్వాత బతికి ఉన్నారు. ఒకప్పుడు నెలల్లో లెక్కపెట్టిన జబ్బు. ఆ వార్త చదివి నేను ఏడ్చాను. కానీ అరికాలి రకం ఈ మందులకు మిగతావాటి అంత బాగా లొంగదు. ఎండ వల్ల వచ్చే మెలనోమాల్లో సగానికి ఉండే బ్రాఫ్ జన్యుమార్పు కూడా దీనిలో తక్కువ, కాబట్టి ఆ మార్పును లక్ష్యంగా చేసిన మాత్రలు అందరికీ పనికిరావు. ఇంజక్షన్ల ఖరీదు మా అన్న రెండెకరాలకు మించింది. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. చివరికి పెద్దమ్మే తేల్చేసింది. "నా కాలు కోసం పిల్లోళ్ళ కయ్య అమ్మొద్దు."

రిపోర్టు వచ్చిన పదహారో నెలలో పోయింది.

"చెప్పుల్లేకుండా కొండెక్కినందుకే ఇట్లా అయిందా పాపా?" అని ఆఖరి రోజుల్లో ఒకసారి అడిగింది. భక్తికి ఇదా ఫలితం అన్న బాధ లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలనుకుంది, అంతే. కాదు పెద్దమ్మా అన్నాను. ఓదార్పు కోసం అనలేదు, అది నిజం. ప్రతి ఏటా లక్షలమంది వట్టికాళ్ళతో ఆ మెట్లెక్కుతారు, ఈ జబ్బు అరుదుగానే ఉంది. నడకకూ దీనికీ ముడి ఉందని ఎవరూ తేల్చలేదు. బరువు పడే చోట్లలో, మడమలాంటి చోట్లలో ఇది ఎక్కువగా వస్తుందని జపాన్ పరిశోధకులు గమనించారు. కానీ ఆ బరువు చెప్పులేసుకున్నా పడేదే. ఎవరి అరికాలుకు ఎందుకు వస్తుందో పూర్తిగా తేలలేదు. అందుకే దీన్ని రాకుండా ఆపే మందు ఏదీ లేదు. త్వరగా చూడడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఆ చూడడానికి కొత్త ఆసుపత్రులేమీ కట్టక్కర్లేదని నేను అనుకుంటున్నాను. తిరుపతిలో రుయా ఉంది, 1993 నుంచి స్విమ్స్ ఉంది, 2022 లో అలిపిరి దగ్గర టాటావాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. రాయలసీమలో చాలా ఊళ్ళకు ఇంత వైద్యం దగ్గర్లో లేదు. లేనిదల్లా పల్లెకూ ఆసుపత్రికీ మధ్య కాలు ఎత్తి చూసే మనిషి. ఆ మనిషి కూడా నిజానికి ఉంది. షుగరు జబ్బు ఇంటింటా ఉండడంతో ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, షుగరు క్లినిక్కుల్లో నర్సమ్మలు అరికాళ్ళు చూస్తున్నారు, స్పర్శ ఉందా, పుండుందా అని. ఆ చూపులోనే ఇంకొక ప్రశ్న కలపమంటున్నాను, రంగు మారిందా అని. ఎక్కడ ఎంత మచ్చ ఉందో కార్డు మీద పాదం బొమ్మలో ఒక చుక్క పెట్టి, మూడు నెలలకు మళ్ళీ చూస్తే చాలు. ఆశా కార్యకర్తలకు ఒక పూట శిక్షణలో చెప్పగలిగిన విషయం. మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకు నేను చెబుతున్నాను. ఇంటికి పోయి అవ్వతాతల అరికాళ్ళు చూసి, ఉన్న మచ్చల బొమ్మ గీసుకు రమ్మన్నాను. నలభై ఇద్దరిలో ముప్ఫై ఆరుగురు గీసుకొచ్చారు. ఒకమ్మాయి వాళ్ళ తాత మొదట తిట్టాడని, తర్వాత రెండో కాలు కూడా తనే చాపాడని చెప్పింది. ఇద్దరిని డాక్టరుకు చూపించుకోమన్నాం. ఒకరిది ఉలిపిరికాయ, మైక్రోస్కోపు అక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఇంకొకరిది చాళ్ళలో రంగున్న మామూలు మచ్చ.

మా అమ్మకు ఎడమ అరికాల్లో, నడిమి వంపు దగ్గర ఒక మచ్చ ఉంది. ఎప్పట్నుంచి ఉందో ఆమెకు తెలీదు, మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు. పెద్దమ్మ కర్మలు అయిన వారానికి చూశాను. డాక్టరమ్మ డెర్మోస్కోపు పెట్టి భయం లేదంది, మూడు నెలలకొకసారి ఫోటో తీసి పోల్చుకోమంది. తోడబుట్టిన అక్కకు వచ్చింది కదా అని ఆమె ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తోంది. నేను ప్రతిసారీ పెద్దపిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు పక్కన పెట్టి ఫోన్లో తీస్తాను. మొదట్లో అమ్మ కాలు వెనక్కి లాక్కునేది. "కూతురుతో కాళ్ళు పట్టించుకుంటారా" అనేది. ఇప్పుడు శనివారం పూజ అయ్యాక తనే వరండాలో వెలుతురున్న చోటికి కుర్చీ జరుపుకుని, "రా, ఫోటో తీద్దువు" అని పిలుస్తోంది. మొన్నటిది ఏడో ఫోటో. స్కేలు మీద నాలుగు మిల్లీమీటర్లే ఉంది.